26 నెలలు, మూడు పార్ట్‌టైమ్ పనులు: నా అనుభవం

బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ పూర్తయ్యాక ఏ దారిలో వెళ్లాలో తేలలేదు. తేలేదాకా ఇంట్లో కూర్చోవడం ఇష్టం లేక మూడు పార్ట్‌టైమ్ పనులు పెట్టుకున్నాను. రెండు మూడు నెలలే కదా అనుకున్నది 26 నెలలు నడిచింది. ఇప్పుడు డిగ్రీ అయిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇదే చేద్దామా అని అడుగుతున్నారు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది విశాఖలో కంచరపాలెం. ఉదయం ఆరున్నరకి బండి తీసి గోపాలపట్నం వెళ్లేవాణ్ణి. అక్కణ్ణుంచి ఎన్‌ఏడీ, మర్రిపాలెం, కంచరపాలెం కలెక్షన్ సెంటర్లలో రక్తం శాంపిల్స్ ఎత్తుకుని మహారాణిపేటలోని మెయిన్ ల్యాబ్‌లో పదిన్నరలోపు అప్పజెప్పాలి. మధ్యాహ్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చదువు. సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ఎంవీపీ కాలనీలో ఐదుగురు పిల్లలకి ట్యూషన్. శని, ఆదివారాల్లో ఆన్‌లైన్ పరీక్షలుంటే సెంటర్‌లో ఇన్విజిలేటర్ పని.

డబ్బు సంగతి. ల్యాబ్‌లో 9,000, పెట్రోలుకి వేరేగా 2,500. ట్యూషన్ 7,500. ఇన్విజిలేషన్ రోజుకి 500, అదీ పరీక్షలున్న నెలలోనే. మంచి నెలలో అన్నీ కలిపి 23,000 దాకా వచ్చేది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఒక వారం నోట్‌బుక్‌లో గంటలన్నీ రాసి చూశాను. ఒక పని నుంచి ఇంకో పనికి తిరగడానికే 14 గంటలు పోయాయి. ఆ గంటలకి పైసా ఎవరూ ఇవ్వరు. వర్షాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే మూడు చోట్లా డబ్బు కోసేశారు. సెలవు, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), పీఎఫ్ లాంటి మాట ఎక్కడా లేదు. ఈ దారిలోకి వచ్చేవాళ్లు ముందు ఒక నెల ఖర్చు పక్కన పెట్టుకోండి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు కూడా నమోదు చేసుకోండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇంట్లో మరో ఇబ్బంది. మా అమ్మని చుట్టాలెవరైనా అడిగితే చెప్పడానికి మాట దొరికేది కాదు. “ఏట్రా ఇది, అబ్బాయి ఏటి చేస్తున్నాడంటే నేనేటని చెప్పాలి?” అనేది. ఆవిడ బాధ నిజమే. మూడు పనులున్నవాడికి చెప్పుకోడానికి ఒక్క పనీ ఉండదు.

ఇక అసలు విషయం, ఈ పనులు దారి తేల్చుకోడానికి ఎంతవరకు ఉపయోగపడ్డాయన్నది.

మొదట నేను బ్యాంకు పరీక్షలకి చదివేవాణ్ణి. క్లర్క్ ప్రిలిమ్స్ అంటే గంటలో 100 ప్రశ్నలు. ఇన్విజిలేటర్‌గా ఆ హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, హాల్‌టికెట్లు చూస్తూ, రఫ్ షీట్లు వెనక్కి తీసుకుంటూ ఎన్నో శని, ఆదివారాలు గడిపాను. ఒకే అబ్బాయిని వేరు వేరు పరీక్షల్లో నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ అదే పట్టుదల. అతన్ని చూస్తే నాకు గౌరవం కలిగింది గానీ, ఆ కుర్చీలో నేను కూర్చోవాలన్న కోరిక ఒక్కసారి కూడా కలగలేదు. ఇంట్లో కూర్చుని చదువుతున్నంత కాలం ఈ సంగతి నాకు తెలీనేలేదు.

ట్యూషన్ చూసి అందరూ బీఈడీ చెయ్యమన్నారు. 2025లో 16,347 టీచర్ పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడైతే ఆ మాట రోజూ వినేవాణ్ణి. పిల్లలంటే నాకు ప్రాణమే. కానీ లెక్కలు, సోషల్ చెప్పేటప్పుడు గడియారం చూసుకునేవాణ్ణి. జీవశాస్త్రం వచ్చినప్పుడే టైమ్ తెలిసేది కాదు. ఒకరోజు ఎనిమిదో తరగతి అబ్బాయికి వాడని ఊదారంగు మూత ట్యూబ్ చూపించి, ఇందులో పోసిన రక్తం గడ్డకట్టదు అన్నాను. “ఎందుకు సార్?” అన్నాడు. నాకు తెలీదు. మర్నాడు ల్యాబ్ మేడమ్‌ని అడిగాను. “లోపల ఈడీటీఏ పూత ఉంటుంది తమ్ముడూ. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం లేకపోతే గడ్డకట్టే పని ముందుకి సాగదు” అన్నారు. అందుకే రక్తకణాల్ని లెక్కపెట్టే సీబీసీ పరీక్షకి ఆ ట్యూబ్. షుగర్‌కి బూడిదరంగు మూత, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే కణాలే గ్లూకోజ్‌ని తినేసి రీడింగ్ తగ్గిపోతుంది. లేత నీలం మూతదానిలో సిట్రేట్, అదీ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు; సిట్రేట్ ఒక వంతుకి రక్తం తొమ్మిది వంతులు, గీత దాకా నిండాల్సిందే. ఆర్నెల్లపాటు నేను మోసింది ఇవేనా అనిపించింది. ఆ రోజు నుంచి పదిన్నరకి బాక్స్ ఇచ్చేసి వెంటనే వెళ్లిపోవడం మానేశాను. ఒక అరగంట నిలబడి చూసేవాణ్ణి.

చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒకసారి సాయంత్రం అదనపు రౌండ్ ఒప్పుకున్నాను. ఆలస్యమైంది, పిల్లలకి మర్నాడు పరీక్ష. బాక్స్ బండికే ఉంచి గంటసేపు పాఠం చెప్పేశాను. దారిలో గోతులకి బాక్స్‌లోని ట్యూబుల స్టాండ్ పక్కకి ఒరిగి, కొన్ని ట్యూబులు నేరుగా ఐస్ ప్యాక్‌కి ఆనుకున్నాయి. అంత చల్లదనం తగిలితే రక్తకణాలు పగిలిపోతాయి. ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీశాక, పైన ఎండుగడ్డి రంగులో తేరుకోవాల్సిన సీరం ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంది. మేడమ్ తిట్టలేదు. ట్యూబ్ లైటుకెదురుగా పట్టుకుని నాకు చూపించారు. “దీంట్లో పొటాషియం చూస్తే లేనిదంతా ఉన్నట్టు వస్తుంది. దాన్ని నమ్మి డాక్టర్ మందు రాస్తే?” అన్నారు.

ఆ ట్యూబ్ మర్రిపాలెంలో ఒక మామ్మగారిది. మళ్లీ రక్తం తియ్యడానికి మర్నాడు కలెక్షన్ సెంటర్ అమ్మాయితో పాటు నేనూ ఆవిడ ఇంటికి వెళ్లాను. చేతులు బొమికలే, నరం దొరకడం లేదు. “మళ్లీ గుచ్చుతావేటమ్మా?” అని ఆవిడ సెంటర్ అమ్మాయిని అడిగింది. తప్పు నాది, నొప్పి ఆవిడకి. ఒకేరోజు రెండు చోట్ల మాటిచ్చి రెంటికీ న్యాయం చెయ్యలేకపోయాను. పార్ట్‌టైమ్ పనుల్లో ఉన్న అసలు ప్రమాదం ఇదే. అలసట పడుకుంటే పోతుంది. మన హడావిడికి ఇంకొకరు నష్టపోతే అది పోదు. తర్వాత అదనపు రౌండ్లు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కానీ ఆ రాత్రే నాకు తేలింది కూడా. ట్యూషన్‌లో, ఇన్విజిలేషన్‌లో జరిగినవి ఇంటికి రాగానే మర్చిపోయేవాణ్ణి. ఆ ఎర్రటి ట్యూబ్ మాత్రం నిద్రపోనివ్వలేదు. దాన్ని సరిగ్గా చెయ్యడం ఎలాగో నేర్చుకోవాలనిపించింది.

అందుకని రెండేళ్ల ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరుతున్నాను. డిగ్రీ చేసి మళ్లీ డిప్లొమానా అని కొందరన్నారు. మొదటే తెలిసుంటే ఆ మూడేళ్లు మిగిలేవి, అది ఒప్పుకుంటాను. కానీ మొదటే తెలిసే వీలు నాకు లేదు.

నాలా చెయ్యాలనుకుంటే పనులన్నీ ఒకే రకంవి పెట్టుకోకండి. మొదట్లో నేను నాలుగు నెలలు ఫుడ్ డెలివరీ, శాంపిల్ పికప్ రెండూ కలిపి చేశాను. రెండూ బండి పనులే, నడుము నొప్పి తప్ప కొత్తగా ఏమీ తెలీలేదు. ఒకటి మనుషులతో, ఒకటి కూర్చుని చేసేది, ఒకటి తిరిగేది అయితే తేడా తెలుస్తుంది. రెండు పనుల మధ్య కనీసం గంట ఖాళీ ఉంచుకోండి. ఏడాదికొకసారైనా ఏది వదిలేస్తే బాధగా ఉంటుందో రాసుకోండి. నేను ఈ పని 14వ నెలలో చేసుంటే ఏడాది కలిసొచ్చేది.

ఇన్విజిలేషన్ పోయిన నెల మానేశాను. ట్యూషన్ మార్చి పరీక్షల దాకా చెప్తానని పిల్లల ఇళ్లలో చెప్పాను. క్లాసులు పదింటికి కాబట్టి ఉదయం రౌండ్ కుదరదు. రాత్రి షిఫ్ట్‌లో లోపలి పని ఏదైనా ఇస్తారా, ట్యూబులకి లేబుళ్లు అంటించే పనైనా సరే అని మేడమ్‌ని అడిగాను. సోమవారం చెప్తామన్నారు.