డాలస్‌లో 'కడిగిన బ్రాస్' కొంటున్నారా? ఆ తమ్ముడి దగ్గర మాత్రం వద్దు

కోపం మీద రాస్తున్నాను, మాట తూలితే సర్దుకోండి.

పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్లో (బ్రాస్ అన్నా, కేసులన్నా అవే) మళ్ళీ మందూ గుండూ పెట్టి తూటా చేసుకోవడమే రీలోడింగ్. ఈ చుట్టుపక్కల ఆ పని చేసే మనవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఎవరి గురించో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పేరు రాయను. "ఒక్కసారే పేల్చిన బ్రాస్, కడిగి ఆరబెట్టి ఇస్తా, మనోళ్ళకి స్పెషల్ రేటు" అని వాట్సాప్ గ్రూపులో వారానికోసారి ఫొటో పెడతాడే, ఆ తమ్ముడే.

.223 రైఫిల్ కేసులు వెయ్యి, 140 డాలర్లు. ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కలిశాం. సంచి మూతి విప్పి దోసెడు తీసి చూపించాడు. అన్నీ లేక్ సిటీవే, మిస్సోరీ ఆర్మీ ఫ్యాక్టరీ సరుకు, అడుగున ఎల్‌సీ ముద్ర. అక్షయ తృతీయ నాడు నగల షాపులో అద్దం వెనక గాజుల్లా మెరుస్తున్నాయి. "మనోళ్ళని మోసం చేస్తానా అన్నా" అన్నాడు. నేనేమీ అడగకుండానే అన్నాడు. అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. పైగా పండక్కి ఇంటికి రమ్మని పిలిచి వచ్చాను.

ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద కుమ్మరించాను. అవును, వంటింట్లోనే. కడిగినవే కదా అని. కేసులతో పాటు సన్నటి నల్లదుమ్ము గుప్పున లేచింది. నీళ్ళతో కడిగిన కేసుల్లో దుమ్మెక్కడిది? మొక్కజొన్న బెండు పొట్టులో దొర్లించి, పొట్టు కూడా జల్లించకుండా సంచిలో పోశాడన్నమాట. మామూలు ప్రైమర్‌లో (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ళ) సీసం ఉంటుంది, పేలాక అది మసిలో కలిసి కేసు లోపలే అంటుకుని ఉంటుంది. ఆ దుమ్ము మా పిల్లలు ఇడ్లీ తినే గట్టు మీద. మా ఆవిడ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అన్నీ గరాజ్‌లోకి మోసి, చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని ఏరడం మొదలుపెట్టాను. రైతుబజార్‌లో టమాటా బుట్ట గుర్తుందా? పైన నవనవలాడుతూ, కింద చితికిపోయి? అదే కథ. పైన రెండు వందలు లేక్ సిటీ, కింద ఎనిమిది వందలు ఊరూ పేరూ లేని ముద్రలు. కొన్నింటి అడుగు చిల్లులో, కడిగేటప్పుడు మురికి గీకడానికి నీళ్ళలో వేసే సన్న స్టీలు పిన్నులు జంటగా ఇరుక్కుని ఉన్నాయి. అంటే వాటిని పిన్నులేసి కూడా కడిగారు, కడిగాక ఒక్కటీ వెలుగులో పెట్టి చూడలేదు. నాలుగైదు బెర్డాన్ కేసులు కూడా కలిశాయి, మధ్యలో ఒక చిల్లు కాకుండా పక్కన రెండు సన్న చిల్లులు ఉండే రకం. మొదటిదాన్ని చూసుకోకుండా ప్రెస్‌లో డై (కేసుని మళ్ళీ సైజుకి తెచ్చే అచ్చు) కింద పెట్టి లీవర్ నొక్కాను. టక్. మధ్య చిల్లులోంచి పాత ప్రైమర్‌ని తోసే డీక్యాపింగ్ పిన్ విరిగింది. శనివారం సాయంత్రం, స్పేర్ లేదు.

ఇంకో వంద దాకా గులాబీ రంగులో ఉన్నాయి. వీడియో కాల్‌లో మా అమ్మ ఒకటి చూసి, "అదేంట్రా, ఇత్తడన్నావు, రాగిలా ఉంది? చింతపండులో రాత్రంతా వదిలేశారా ఏంటి?" అంది. గుంటూరులో కూర్చుని, ఫోన్ తెరలో చూసి చెప్పింది. ఈ కేసుల ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, జింక్ 30. పులుపు ఎక్కువైతే జింక్ పోయి పైన రాగి రంగు తేలుతుంది. అమ్మకి జింక్ సంగతి తెలియదు, బిందెలు తెలుసు. నేను మాత్రం ఇంజినీర్‌ని.

అసలుది ఇంకా ఉంది. పది కేసులు దోసిట్లో పోసుకుని ఆడించాను. మంచివి ఖణేల్‌మని మోగుతాయి. ఇందులో ఒకటో రెండో టప్పుటప్పుమన్నాయి. మా అమ్మమ్మ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి, చెవి ఆనించి విని, అప్పుడు బేరం మొదలుపెట్టేది. ఐదు రూపాయల కుండకి అంత పరీక్ష. నేను 140 డాలర్లకి విననైనా వినలేదు. టప్పుమన్నవి తీసి లైటు కింద తిప్పితే మెడ దగ్గర వెంట్రుకంత గీత. గోరుతో గీరితే తగులుతోంది. వందలో పదకొండు అలాంటివి.

ఫోన్ చేశాను. చిరాకంతా ఇక్కడే. డబ్బు పోయినందుకు కాదు.

"తమ్ముడూ, కేసులు పగిలి ఉన్నాయి, దేంతో కడిగావు?" అన్నాను. గర్వంగా చెప్పాడు: "అది నా సీక్రెట్ అన్నా, అమ్మోనియా కలిపి రాత్రంతా నానబెడతా, అందుకే ఆ షైనింగ్." అమ్మోనియా ఇత్తడిని పగలగొడుతుంది కదయ్యా అన్నాను. అప్పుడు అన్నా పోయి బ్రదర్ అయ్యాను. "బ్రదర్, నీకు రీలోడింగ్ కొత్తేమో, షాపులో రెడీమేడ్ తూటాలు కొనుక్కో." సగం డబ్బన్నా ఇవ్వమన్నాను. "చూడండి సార్, సెకండ్ హ్యాండ్ సరుక్కి రిటర్న్ ఉండదు." అన్నా, బ్రదర్, సార్. నాలుగు నిమిషాల ఫోన్‌లో చుట్టరికం మొత్తం తెగిపోయింది. పెట్టేశాక పది నిమిషాలకి గ్రూపులోంచి తీసేశాడు.

ఆ అమ్మోనియా జబ్బు బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలం తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిసి తీసి చూస్తే కేసులు చీలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వల్ల అని 1921లో గానీ తేల్చలేదు. వందేళ్ళ కిందటే తేలినదాన్ని ఈయన సీక్రెట్ అని అమ్ముతున్నాడు.

మెడ చీలితే ఆ కేసు పారేస్తాం, అంతటితో పోతుంది. కానీ అదే నీళ్ళలో నానిన మిగతావాటికి అడుగున ఏమైందో ఎవడు చూశాడు? .223లో ఒత్తిడి 55,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దాకా పోతుంది. అడుగు తెగితే ఆ గ్యాస్ వెనక్కి, నా మొహం వైపే వస్తుంది. అందుకే మోగినవి కూడా ఒక్కటీ వాడట్లేదు.

ఇంతా చేసి, కేసుల్ని దొర్లించి కడిగే టంబ్లర్ మెషీన్ నా గరాజ్‌లోనే ఉంది. రెండు చుక్కల గిన్నెల సబ్బు, పావు చెంచా నిమ్మ ఉప్పు, స్టీలు పిన్నులు, రెండు గంటలు. షూటింగ్ రేంజ్‌లో నేను ఏరుకున్నవి అలాగే కడిగితే చక్కగా వచ్చేవి. చప్పుడుకి ఇంట్లో గోల ఎందుకని, ఈసారి కడిగినవి కొన్నాను. ఇప్పుడు గోల లేదు, మౌనం ఉంది.

కొనేవాళ్ళు సంచి అడుగు నుంచి తీయించి చూడండి. చేతిలో ఆడించి వినండి. దేంతో కడిగావని డబ్బు ఇవ్వకముందే అడగండి. వంటింట్లో మాత్రం విప్పకండి.

వెయ్యి కేసులు 13 పౌన్లు తూగాయి. తుక్కు యార్డువాడు పౌనుకి 2 డాలర్లు ఇస్తానన్నాడు. నిన్న రాత్రి ఫ్రెండు ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, గ్రూపులో కొత్త ఫొటో పెట్టాడట, "ఐదు సంచులే ఉన్నాయి, త్వరపడండి" అని. పెద్దది చేసి చూశాను. పైన అన్నీ లేక్ సిటీవే.