సైన్స్ పాఠానికి ఏది మేలు: వీడియోనా, సిమ్యులేషనా, మేకగుండెనా?

మా స్టాఫ్‌రూమ్‌లో ఈ మధ్య తరచూ నడిచే తగవు ఒకటుంది. క్లాసులో అంత పెద్ద టచ్ ప్యానెల్ ఉండగా ఇంకా పరీక్షనాళికలు కడుక్కోవడం దేనికని కొందరంటారు. పిల్లలకు సైన్స్ బదులు సినిమా చూపిస్తున్నామని మిగతావాళ్ళంటారు. నేను జీవశాస్త్రం చెబుతాను. పాఠాన్ని బట్టి నేను ఒకరోజు అటు, ఒకరోజు ఇటు.

పదో తరగతి గుండె పాఠమే తీసుకుందాం. మేకగుండె తెచ్చి నిలువుగా కోసి పెడితే, ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ ఎంత మందమో పిల్లలు వేలితో నొక్కి చూస్తారు. కుడివైపు గోడ దానిముందు పలచగా ఉంటుంది. ఒకవైపు రక్తం పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు వెళ్తే చాలు, రెండోవైపుది ఒళ్ళంతా తిరగాలి. ఈ మాట నేను చెప్పకముందే ఎవరో ఒకరు అనేస్తారు. కవాటాలను, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులను, పట్టి ఉంచే తెల్లని తంతువులు దారాల్లా కనిపిస్తాయి, లాగితే తెగవు. బొమ్మలో అవి నాలుగు గీతలు, అంతే. వాసన పడక ఒకరిద్దరు బయటికి పరుగెత్తడం ఏటా ఉండేదే.

కానీ ఆ గుండె కొట్టుకోదు. కర్ణికలు (పై గదులు) ముడుచుకోవడం, కవాటం తెరుచుకోవడం, జఠరికలు ముడుచుకోవడం, అన్నీ కలిపి 0.8 సెకన్లలో అయిపోయే పని. దాన్ని నెమ్మదిగా చూపించాలంటే వీడియో తప్ప నాకు వేరే దారి లేదు. చేతులతో అభినయించి చూశాను, పిల్లలు నవ్వారు.

వీడియోతో వచ్చే చిక్కు రంగులది. కుడివైపు రక్తం నీలంగా, ఎడమవైపు ఎర్రగా వేస్తారు. చార్టుల్లోనూ అంతే. 'సిరల్లో నీలిరంగు రక్తం ఉంటుంది' అని జవాబు పత్రంలో రాసిన పిల్లలు నాకు ఒకరు కాదు, చాలామందే ఉన్నారు. అది ముదురు ఎరుపే, నీలం మన సౌకర్యం కోసం వేసిన రంగు అని వీడియో పెట్టకముందే చెప్పాలి. తర్వాత చెబితే ఎక్కదు. చార్టుకు ఒక సుగుణముంది: వారమంతా గోడమీదే ఉంటుంది. వీడియో పీరియడ్‌తోనే పోతుంది.

ఇక సిమ్యులేషన్లు, అంటే తెరమీదే మీటలు జరిపి చేసే నమూనా ప్రయోగాలు. కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన 'ఫెట్' సిమ్యులేషన్లు ఉచితం, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఓమ్ నియమం దానిలో వోల్టేజి మీటను జరిపితే విద్యుత్ ప్రవాహం అంకె మారుతుంది, సూత్రంలో అక్షరాలు కూడా పెద్దవీ చిన్నవీ అవుతాయి. పిల్లలు దాన్ని వదలరు.

మా ఫిజికల్ సైన్స్ సార్ ముందు అది చూపించి, మర్నాడు అసలు ప్రయోగం పెట్టించారు. బ్యాటరీలు, నిక్రోమ్ తీగ, అమ్మీటరు, వోల్టు మీటరు. వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒక గ్రూపుకి 4.8, ఇంకో గ్రూపుకి 5.3 వచ్చింది. "సార్, ప్యానెల్ మీద సరిగ్గా వచ్చింది కదా, మనకెందుకు రాలేదు?" అని ఒక అమ్మాయి అడిగింది. పీరియడ్‌లో మిగిలిన టైమంతా దానికే పోయింది. ఒకచోట తీగ కొస వదులుగా ఉంది, ఇంకోచోట ముల్లును పక్కనుంచి చూసి రీడింగ్ రాశారు. సిలబస్ ఒకరోజు వెనకబడిందని ఆయన గొణిగారు గానీ, నాకైతే ఆ నెలలో మా స్కూల్లో జరిగిన మంచి పాఠం అదే. సిమ్యులేషన్‌లో తప్పు రాదు. తప్పు రాకపోతే వెతకడం రాదు. అందుకని ప్రయోగానికి బదులుగా కాకుండా, ప్రయోగానికి ముందు రోజు దానికి ఓటేస్తాను.

అయితే తీగ లోపల ఏం జరుగుతుందో ఏ ప్రయోగశాలలోనూ కంటికి కనబడదు. అక్కడ యానిమేషన్ కావాలి, దాన్ని నమ్మకూడదు కూడా. పసుపుపచ్చ బంతుల్లా ఎలక్ట్రాన్లు పరుగెత్తుతుంటాయి. నిజానికి ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ వెళ్తుంటే అవి ముందుకు జరిగేది సెకనుకు దాదాపు 0.07 మిల్లీమీటర్లు. మీటరు దూరం పోవడానికి సుమారు 4 గంటలు! మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతుంది? తీగ పొడవునా ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి కదులుతాయి కాబట్టి. ఈ ప్రశ్న అడగడానికైతే ఆ తప్పుడు యానిమేషనే బాగా పనికొస్తుంది.

ఉల్లిపొర కణాలకు వీడియో పెట్టడం మాత్రం శుద్ధ బద్ధకం. మైక్రోస్కోపు ఉంటే ఉల్లిపాయ, అయోడిన్ చుక్క చాలు. కణ విభజనకు మాత్రం వీడియోనే పెడతాను.

తెరమీద పాఠం మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, పొద్దున పూట బడి పిల్లలకోసమే కొంత సమయం ఉండేది. అప్పుడు లేనిది, ఇప్పుడు ఉన్నది ఆపే మీట. నేను వీడియోను రెండు మూడు నిమిషాలకు మించి వేయను. ధ్వని తీసేస్తాను, వ్యాఖ్యానం నాదే. కవాటం మూసుకోబోయే ముందు ఆపి, ఇప్పుడు రక్తం ఎటు పోతుందని అడుగుతాను. పావుగంట వీడియో పెట్టి కుర్చీలో కూర్చుంటే, చీకటి గదిలో వెనక బెంచీలు ఏం చేస్తాయో మీకూ తెలుసు.

వచ్చే వారం మళ్ళీ గుండె పాఠం. మటన్ కొట్టులో ఇవాళే చెప్పి పెట్టాలి, పైనున్న పెద్ద నాళాలు కోసి పారేయకుండా అలాగే ఉంచమని. పోయినసారి చెప్పడం మర్చిపోతే మహాధమని లేని గుండె వచ్చింది.