కోడి పిండం స్లైడ్ల పెట్టె: ఒక్క స్లైడు కోసమైనా కొనవచ్చు

డిగ్రీ జంతుశాస్త్ర ప్రయోగశాల కోసం తెప్పించిన ఈ పెట్టెలో 24, 33, 48, 72 గంటలు పొదిగిన కోడి పిండాల స్లైడ్లు ఉన్నాయి. వీటిలో 33 గంటల స్లైడు ఒక్కటే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది: నాడీ నాళానికి (తరువాత మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టానికి) ఇరువైపులా, అంతవరకు వదులుగా ఉన్న మధ్యస్త్వచ (పిండం మధ్య పొర) కణాలు సుమారు 90 నిమిషాలకొక జత చొప్పున సోమైట్లు అనే ముద్దలుగా కూడుకున్న తీరు, వెనుక భాగంలో ఇంకా విడివడని పట్టీతో పోల్చి చూడగానే అర్థమవుతుంది. వెన్నుపూసలు, పక్కటెముకలు తరువాత ఏర్పడేది ఆ ముద్దల నుంచే. 72 గంటల స్లైడులో మాత్రం రంజనం (కణాలకు పట్టించే రంగు) మరీ చిక్కగా ఎక్కి, గుండె ఆకారం తెలియడం లేదు. ఆ దశకు పిండం మందమవుతుంది కనుక అడ్డుకోతలు ఇచ్చి ఉండవలసింది. కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే కాడ్హెరిన్ ప్రోటీన్లు మామూలు రంజనంలో ఎలాగూ కనబడవు, అది తయారీదారు తప్పు కాదు. లేబుళ్లపై సోమైట్ల సంఖ్య ముద్రించకపోవడం మాత్రం తప్పే.