టాపిక్ వారీ ప్రాక్టీసా, గడియారం పెట్టుకుని పాత కాంటెస్టులా: ఏది మేలు?

ప్రోగ్రామింగ్ కాంటెస్టులకు సిద్ధమవుతూ, బైనరీ సెర్చ్ (వెతికే పరిధిని ప్రతిసారీ సగానికి తగ్గించే పద్ధతి) అనే శీర్షిక కింద ముప్పై ప్రాబ్లమ్స్ పూర్తి చేసినవాళ్లే, కాంటెస్టులో బైనరీ సెర్చ్ ప్రాబ్లమ్ ఎదురైతే గుర్తుపట్టలేక గంటసేపు కూర్చుండిపోవడం చాలాసార్లు చూశాను. నాకూ జరిగింది. మొదట్లో ఆరు నెలలపాటు టాపిక్ లిస్టులు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. సాల్వ్ చేసిన లెక్క రోజురోజుకీ పెరుగుతూనే ఉంది, కాంటెస్టులో మాత్రం రెండో ప్రాబ్లమ్ దాటడమే గగనమయ్యేది. అందుకే ఈ ప్రశ్న నాకు ముఖ్యం: చేతిలో ఉన్న కాస్త సమయాన్ని టాపిక్ వారీ ప్రాక్టీసుకు పెట్టాలా, గడియారం పెట్టుకుని పాత కాంటెస్టులు మొదటి నుంచి చివరిదాకా రాయడానికి పెట్టాలా?

టాపిక్ వారీ అంటే సీఎస్ఈఎస్ అనే సైటులోని ప్రాబ్లమ్ సెట్ లాంటివి. సార్టింగ్, డీపీ (డైనమిక్ ప్రోగ్రామింగ్, అంటే చిన్న ముక్కల జవాబులు పట్టికలో దాచుకుని పెద్ద జవాబు కట్టడం), గ్రాఫులు, ట్రీలు అని విభాగాలు చేసి, తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత వచ్చేలా పేర్చి ఉంటాయి. రెండో దారికి కోడ్‌ఫోర్సెస్ అనే కాంటెస్టు సైటులో వర్చువల్ పార్టిసిపేషన్ అనే సదుపాయమే ఉంది. ఎప్పుడో జరిగిపోయిన రౌండును, అంటే అక్కడి కాంటెస్టును, ఇప్పుడే మొదలైనట్టు రాయవచ్చు, అప్పటివాళ్ల మధ్య మన ర్యాంకు ఎంత ఉండేదో చూపిస్తుంది, కాంటెస్టు ఫలితాలను బట్టి మారే మన రేటింగ్ మాత్రం కదలదు.

తేడా ఎక్కడ వస్తుందో ఒక ప్రాబ్లమ్ దగ్గర పెట్టుకుని చూద్దాం. వరసగా కొన్ని పనులున్నాయి, ఒక్కో పనికి పట్టే సమయం ఇచ్చారు. వరస చెదరకుండా వాటిని ముక్కలు చేసి కొంతమందికి పంచాలి. అందరిలోకీ ఎక్కువ భారం పడినవాడి మొత్తం సమయం వీలైనంత తక్కువ ఉండాలి. పనులు 2 లక్షల దాకా, ఒక్కో పని సమయం 100 కోట్ల దాకా ఉండొచ్చు.

ఇది బైనరీ సెర్చ్ లిస్టులో కనబడితే పది నిమిషాల పని. శీర్షికే సగం జవాబు చెప్పేసింది కదా, దేని మీద వెతకాలన్నది ఒక్కటే మిగిలింది. ఇదే కాంటెస్టులో మూడో ప్రాబ్లమ్‌గా వస్తే ముందు డీపీ ఊరిస్తుంది. పనులు ఒకవైపు, మనుషులు ఒకవైపు పెట్టి పట్టిక గీస్తాం. మనుషులు కూడా 2 లక్షల దాకా ఉండొచ్చంటే గళ్లు 4,000 కోట్లు. సెకనుకు సుమారు 10 కోట్ల చిన్న లెక్కలు అన్నది అందరూ వాడే అంచనా, కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అక్కడ ఆగి ప్రశ్నను తిరగేయగలగాలి: "భారం ఇంతకు మించకూడదు అని హద్దు పెడితే ఎంతమంది కావాలి?" దీనికి జవాబు ఒక్క చుట్టులో వచ్చేస్తుంది. హద్దు పెరిగేకొద్దీ కావలసిన మనుషులు పెరగరు, తగ్గడమో అలాగే ఉండడమో జరుగుతుంది. కాబట్టి ఆ హద్దు మీదే బైనరీ సెర్చ్. సుమారు 48 చుట్లు, చుట్టుకు 2 లక్షల లెక్కలు, మొత్తం కోటి దగ్గర. సెకను కూడా పట్టదు.

ఆ తిరగేసే క్షణం లేబుల్ ఉన్న చోట మనకు అనుభవంలోకి రాదు. కాంటెస్టులో కొలిచేదేమో సరిగ్గా దాన్నే.

అలాగని టాపిక్ లిస్టును కొట్టిపారేయను. ఇదే ప్రాబ్లమ్‌లో ఐడియా తట్టిన తర్వాత జరిగే తప్పు చూడండి. పనులు 2, 9, 1, 1. ముగ్గురు మనుషులు. సరైన జవాబు 9. వెతుకులాట కింది హద్దును సున్నా నుంచి మొదలుపెట్టి, "మొత్తం హద్దు దాటితే కొత్త మనిషికి ఇవ్వు" అని మాత్రమే రాస్తే ప్రోగ్రాం 2 అని చెబుతుంది. హద్దు 2 అయినప్పుడు 9ని కొత్త మనిషికి ఇచ్చేసి ముందుకు పోయింది, ఆ ఒక్క పనే హద్దుకు మించిందని ఎవరూ చూడలేదు. లెక్కకు మనుషులు ముగ్గురే వచ్చారు, సరిపోయిందనుకుంది. కింది హద్దు అన్నిటికంటే పెద్ద పని నుంచి మొదలైతే ఈ గొడవ ఉండదు. ఇంకొకటి: మొత్తం సమయం 200 లక్షల కోట్ల దాకా పోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు ఇంట్ రకం పూర్ణాంకం పట్టేది 2,147,483,647 వరకే, అంటే 214 కోట్ల చిల్లర. అంతకంటే పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ రకం పెట్టకపోతే జవాబు చెడిపోతుంది. ఇలాంటివి ఒకే రకం ప్రాబ్లమ్స్ పది వరసగా రాసినప్పుడే చేతికి పట్టుబడతాయి. వారానికో కాంటెస్టులో ఒక్కసారి తగిలితే మళ్లీ మరిచిపోతాం.

కాబట్టి నా తీర్పు ఇది. లూపులు, అరేలు, సార్టింగ్, మ్యాప్ వరకు తడబడకుండా రాయడం ఇంకా రానివాళ్లకు టాపిక్ లిస్టే మేలు, రెండు మూడు నెలలు నిశ్చింతగా అదే చేయండి. ఆ మెట్టు దాటినవాళ్లకు పాత కాంటెస్టులే మేలు, సందేహం లేదు. అప్పటి నుంచి టాపిక్ లిస్టు మందులా వాడాలి: కాంటెస్టులో ఏ చోట దెబ్బ తిన్నామో ఆ టాపిక్ మాత్రమే తీసి ఐదారు చేసి మళ్లీ పక్కన పెట్టేయాలి.

ఒక హెచ్చరిక. వర్చువల్ రాయడం మొదలుపెట్టిన ఉత్సాహంలో రోజుకొకటి రాసేవాళ్లున్నారు. రెండు గంటలు రాసి, రాని ప్రాబ్లమ్స్ వదిలేసి, మర్నాడు ఇంకోటి రాస్తారు. అలా చేస్తే వచ్చినవే మళ్లీ మళ్లీ వస్తాయి, రానివి రాకుండానే ఉంటాయి. రెండు గంటల కాంటెస్టుకు కనీసం ఇంకో రెండు మూడు గంటలు అప్‌సాల్వింగ్‌కు, అంటే అప్పుడు చేయలేకపోయిన తర్వాతి ప్రాబ్లమ్స్‌ను తీరిగ్గా పూర్తి చేయడానికి పోవాలి. ఆ లెక్కన వారానికి రెండు వర్చువల్స్ చాలు.

ఎడిటోరియల్ వెంటనే చూడాలా, తల బద్దలు కొట్టుకోవాలా?

ఎడిటోరియల్ అంటే కాంటెస్టు అయ్యాక ప్రాబ్లమ్స్‌కు పెట్టే పరిష్కార వివరణ. రెండు వాదాలూ గట్టివే. వెంటనే చూస్తే ఎక్కువ ఐడియాలు తక్కువ కాలంలో పరిచయమవుతాయి. తానే తేల్చుకుంటే ఆ ఐడియా జీవితాంతం ఉంటుంది, కానీ ఒక్కోసారి మూడు రోజులు పోతాయి. నేను గంట నియమం పెట్టుకున్నాను. ఆ గంటలో కొత్త ఆలోచన ఏదైనా వస్తూ ఉంటే కొనసాగిస్తాను. ఒకే చోట గిరగిరా తిరుగుతున్నానని తెలిస్తే ఎడిటోరియల్ తెరుస్తాను, అది కూడా మొత్తం చదవను. మొదటి రెండు వాక్యాలు చదివి మూసేసి మళ్లీ ప్రయత్నిస్తాను. చాలావరకు ఆ రెండు వాక్యాలే సరిపోతాయి. కోడ్ మాత్రం ఎప్పుడూ చూడకుండా రాయాలి. పక్కన పెట్టుకుని కాపీ చేసిన కోడ్ అర్థమైనట్టే ఉంటుంది, వారం తర్వాత ఖాళీ పేజీ ముందు కూర్చుంటే ఒక్క లైను రాదు.

సీ ప్లస్ ప్లస్సా, పైథానా?

దీని మీద ఎక్కువ చెప్పను. కాంటెస్టు నెలలోపు ఉంటే ఇప్పుడు వచ్చిన భాషతోనే వెళ్లండి. ఏడాది పాటు ఈ దారిలో ఉండాలనుకుంటే సీ ప్లస్ ప్లస్ నేర్చుకోండి. పైథాన్‌లో కోడ్ చిన్నగా వస్తుంది, ఎంత పెద్ద సంఖ్యయినా పట్టుకుంటుంది, కాబట్టి పైన చెప్పిన లాంగ్ లాంగ్ బాధ ఉండదు. కానీ కోటి లెక్కల లూపు దానికి భారమే. సైటులో మామూలు పైథాన్‌తో పాటు పైపై అనే వేగవంతమైన రకం కూడా ఉంటే లూపులున్న ప్రాబ్లమ్స్‌కు అది ఎంచుకోవాలి. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) లోతు మామూలుగా 1,000 దగ్గర ఆపేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. గొలుసులా సాగిన 2 లక్షల నోడ్ల ట్రీ ఇచ్చారంటే రికర్షన్‌తో రాసిన ప్రోగ్రాం ఆగిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఉన్న చిక్కు వేరు: ఇన్‌పుట్ లక్షల్లో ఉన్నప్పుడు చదవడానికీ ముద్రించడానికీ వాడే సిన్, సీఔట్ నెమ్మది. మొదట్లోనే సింక్ (పాత సీ ఇన్‌పుట్ పద్ధతితో జోడింపు) ఆపేసే లైను రాసుకోవాలి, ప్రతి లైనుకూ ఎండ్‌ఎల్ వాడకూడదు.

ఆట్‌కోడరా, కోడ్‌ఫోర్సెసా?

మొదటి కాంటెస్టు రాసేవాళ్లకు ఆట్‌కోడర్ అనే సైటులో జరిగే బిగినర్ కాంటెస్ట్ మేలు అంటాను. 100 నిమిషాలు, 7 ప్రాబ్లమ్స్. మొదటి రెండూ నిజంగానే మొదటి రోజువాళ్లు చేయగలిగినవి. ప్రశ్న సూటిగా ఉంటుంది, కథ తక్కువ. సబ్మిట్ చేసిన కాసేపటికే అన్ని టెస్టుల ఫలితం తేలిపోతుంది.

కోడ్‌ఫోర్సెస్ మామూలు రౌండులో అలా కాదు. కాంటెస్టు జరిగేటప్పుడు ప్రీటెస్టులు అనే కొన్ని టెస్టులు మాత్రమే నడుస్తాయి, అసలు టెస్టులు అయిపోయాక నడుస్తాయి. పచ్చగా కనిపించిన ప్రాబ్లమ్ అప్పుడు ఎర్రగా మారవచ్చు. ఇతరులు మన కోడ్ చదివి, అది తప్పే టెస్టు ఇచ్చి హ్యాక్ చేయవచ్చు కూడా. కొత్తవాళ్లకు ఇది టెన్షన్. అయితే ప్రాబ్లమ్స్ తీరు వేరు. తెలిసిన ఆల్గరిథమ్ కంటే అప్పటికప్పుడు గమనించాల్సిన చిన్న నిజం మీద ఆధారపడేవి, స్థాయిని బట్టి వేరుచేసిన రౌండ్లలో ఒకటైన డివిజన్ 2లో ఎక్కువ. ఆలోచన పదునెక్కేది అక్కడే. ఆట్‌కోడర్‌లో నాలుగైదు ప్రాబ్లమ్స్ తరచుగా చేయగలిగే దశకు వచ్చాక అంతకంటే తేలికైన డివిజన్ 3తో మొదలుపెట్టి అటు వెళ్లడం మంచిది. ఉద్యోగ ఇంటర్వ్యూలే లక్ష్యమైతే లీట్‌కోడ్ అనే సైటు వారపు కాంటెస్టు చాలు: 90 నిమిషాలు, 4 ప్రాబ్లమ్స్, ఫంక్షన్ ఒక్కటి రాస్తే సరిపోతుంది.

వేగంగా సబ్మిట్ చేయాలా, సరిచూసుకుని చేయాలా?

ఇది స్వభావాన్ని బట్టి ఉంటుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను, దీనికి లెక్క ఉంది.

కోడ్‌ఫోర్సెస్ రెండు గంటల రౌండులో 500 పాయింట్ల ప్రాబ్లమ్ విలువ నిమిషానికి 2 పాయింట్ల చొప్పున తగ్గుతుంది. తప్పు సబ్మిషన్‌కు 50 పాయింట్లు పోతాయి. అంటే ఒక్క తప్పు 25 నిమిషాలతో సమానం. రెండు నిమిషాలు ఆగి, ఒకే సంఖ్య ఉన్న ఇన్‌పుట్, అన్నీ సమానంగా ఉన్న ఇన్‌పుట్ చేత్తో వేసి చూస్తే ఖర్చు 4 పాయింట్లు. ఇక్కడ తొందరపడడం పూర్తిగా నష్టం. అదే 2,000 పాయింట్ల ప్రాబ్లమ్ నిమిషానికి 8 తగ్గుతుంది కాబట్టి తప్పు విలువ ఆరు నిమిషాలే. అక్కడ అరగంట సరిచూసుకుంటూ కూర్చోవడం కంటే సబ్మిట్ చేసి చూడడమే మేలు. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు: తేలికదాన్ని హడావుడిగా పంపి, కష్టమైనదాన్ని భయంతో దాచుకుంటారు.

మిగతా చోట్ల లెక్క వేరు. ఆట్‌కోడర్‌లో తప్పుకు 5 నిమిషాలు, కోడ్‌ఫోర్సెస్ ఎడ్యుకేషనల్, డివిజన్ 3 రౌండ్లలో 10, కాలేజీ జట్ల పోటీ అయిన ఐసీపీసీలో 20. ఈ జరిమానా చివరికి సాల్వ్ అయిన ప్రాబ్లమ్‌కే పడుతుంది. ఐసీపీసీలో ముగ్గురికి ఒకే కంప్యూటరు కాబట్టి కాగితం మీద సరిచూసే పని మిగతా ఇద్దరూ చేయవచ్చు, తొందరపడాల్సిన పని ఇంకా తక్కువ. ఏ కాంటెస్టుకైనా ముందురోజు దాని నియమాల పేజీలో ఈ ఒక్క అంకె చూసుకోండి. ఏఐ వాడకం గురించి ఏమన్నారో కూడా అక్కడే చదవండి. ప్రాబ్లమ్‌ను దానికిచ్చి జవాబు రాయించుకోవడాన్ని పెద్ద సైట్లు రేటింగ్ కాంటెస్టుల్లో అనుమతించడం లేదు.

ఇరుక్కున్నప్పుడు అదే ప్రాబ్లమ్ మీద ఉండాలా, తర్వాతిదానికి పోవాలా అన్నదానికి స్కోర్‌బోర్డే దారి చూపిస్తుంది. మీరు ఆగిన ప్రాబ్లమ్‌ను మీ స్థాయివాళ్లు వందల్లో చేసేశారంటే అందులో తేలికైన చూపు ఏదో ఉంది. రాసిందంతా పక్కన పెట్టి ప్రశ్నను మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవండి. ఎవరూ చేయకపోతే ముందుకు పోండి. ప్రతి పది నిమిషాలకూ ర్యాంకు చూసుకోవడం మాత్రం వద్దు, ఒక్కో చూపుకూ ఆలోచన తెగిపోతుంది.

కాంటెస్టు ముగిసిన రాత్రి ఒక పని మిగిలి ఉంటుంది. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, అందులో సాల్వ్ చేసినవి రాయను, పోగొట్టుకున్నవే రాస్తాను, ఒక్కోదానికి ఒక్క లైను. మొన్నటి పేజీలో ఇలా ఉంది: "గరిష్ఠాన్ని కనిష్ఠం చేయమన్నారు, హద్దు పెట్టి ఎంతమంది కావాలో అడగలేదు, 40 నిమిషాలు డీపీ." దాని కింద: "కింది హద్దు సున్నా కాదు, అన్నిటికంటే పెద్ద పని." తర్వాతి వర్చువల్ మొదలుపెట్టే ముందు ఆ పేజీలు ఒకసారి తిరగేస్తాను, ఐదు నిమిషాలు పడుతుంది.