క్రూజ్ ప్యాకేజీ కొనే కుటుంబాలకు జాగ్రత్త: జబ్బులు ముదిరిన కాలంలో మీ డబ్బు ఇరుక్కునేది ఇక్కడే

ఏదైనా వైరస్ కేసులు పెరుగుతున్నాయని వార్త రాగానే క్రూజ్ (ఓడలో విహారయాత్ర) రేట్లు దిగుతాయి. 'ఇద్దరు పెద్దలకి టికెట్, ఇద్దరు పిల్లలు ఫ్రీ' అని వాట్సాప్‌లో పోస్టర్ వస్తుంది. ఫోన్ చేస్తే 'అన్నా, ఈ రేటు రేపటికి ఉండదు' అంటారు. నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి సింగపూర్ ఓడలకైనా, చెన్నై, వైజాగ్ నుంచి కదిలే ఓడలకైనా కుటుంబంతో బయల్దేరదామనుకునేవాళ్లు అడ్వాన్స్ కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. 2020 నుంచి 2022 దాకా ఎంతోమంది డబ్బు పోగొట్టుకున్న దారులు ఇప్పటికీ అలాగే తెరిచి ఉన్నాయి.

మొదట డబ్బు దారి. మీరు కట్టేది ఓడ కంపెనీకి కాదు. మన ఊరి ట్రావెల్స్ ఆ డబ్బును చెన్నైలోనో ముంబైలోనో ఉన్న హోల్‌సేల్ ఏజెంటుకి పంపుతాడు. అక్కడి నుంచి కంపెనీ తరఫు భారత ప్రతినిధికి, ఆ తర్వాత కంపెనీకి చేరుతుంది. ప్రయాణం రద్దయితే రీఫండ్ ఇదే దారిలో వెనక్కి నడవాలి. ఎవరి వాలెట్ (ఏజెంట్లు టికెట్లకి డబ్బు వేసుకునే ఖాతా) నుంచి కట్టారో వాళ్ల వాలెట్‌లోకే వస్తుంది తప్ప మీ బ్యాంకు ఖాతాకి రాదు. మధ్యలో ఎవరైనా ఆ సొమ్మును పాత బాకీ కింద మినహాయించుకున్నా, ఇంకొకరి టికెట్‌కి వాడేసినా మీకు తెలియదు. 'కంపెనీ నుంచి ఇంకా రాలేదన్నా' అన్న మాట నెలలకొద్దీ వింటారు. విమాన టికెట్లకైతే 2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు లాక్‌డౌన్ రీఫండ్ల మీద తీర్పు ఇచ్చింది. ఏజెంటు ఖాతాకి వచ్చిన రీఫండ్‌ను వెంటనే ప్రయాణికుడికి ఇవ్వాలని అందులో ఉంది. అది విమానాలకే. క్రూజ్‌కి అలాంటి అండ లేదు, మీ చేతిలో ఉన్న కాగితమే దిక్కు.

అందుకే బుకింగ్ నంబర్ పరీక్ష తప్పనిసరి. చాలా కంపెనీల దగ్గర డబ్బు కట్టకుండానే కొన్ని రోజులు క్యాబిన్‌ని పట్టి ఉంచొచ్చు. ఆ హోల్డ్ పేజీకి కూడా ఒక నంబర్ వస్తుంది. దాన్నే స్క్రీన్‌షాట్ తీసి 'కన్ఫర్మ్ అయింది' అని పంపే ఏజెంట్లున్నారు. మీరు చేయాల్సింది ఇది. ఓడ కంపెనీ సొంత వెబ్‌సైట్ తెరిచి ఆ నంబర్, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు, బయల్దేరే తేదీ కొట్టండి. మీ నలుగురి పేర్లు, క్యాబిన్ రకం కనిపించాలి. స్క్రీన్‌షాట్ కాకుండా కంపెనీ ఇచ్చిన ఇన్‌వాయిస్ పీడీఎఫ్ అడగండి. అందులో మొత్తం ఎంత, కట్టింది ఎంత, ఇంకా కట్టాల్సింది ఎంత, ఆఖరి గడువు ఎప్పుడు అని వేర్వేరుగా ఉంటుంది. 'కట్టింది' దగ్గర సున్నా ఉంటే మీ డబ్బు ఇంకా మన ఊరు దాటలేదన్నమాట. 'గ్రూపు బుకింగ్ అన్నా, పేర్లు చివర్లో ఎక్కిస్తాం' అంటే గ్రూపు నంబర్, ఆ గ్రూపుకి కట్టిన డిపాజిట్ రసీదు చూపించమనండి. అవి చూపించలేనివాడికి పైసా ఇవ్వొద్దు.

విదేశీ ప్యాకేజీలకి ఇంకో గుర్తు ఉంది. 2020 అక్టోబర్ 1 నుంచి విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవాడు కొనేవాళ్ల పాన్ మీద టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. అతను ఆ త్రైమాసికం రిటర్న్ వేశాక అది మీ 26ఏఎస్‌లో, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల లెక్క చూపే ఫారంలో, కనిపిస్తుంది. బిల్లులో టీసీఎస్ పట్టుకుని 26ఏఎస్‌లో పడలేదంటే అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ప్రయాణం రద్దయినప్పుడు ఏజెంటు 'టీసీఎస్ వెనక్కి రాదు' అంటాడు. ప్రభుత్వానికి కట్టేసిన మాట నిజమైతే దాన్ని మీ ఇన్‌కంట్యాక్స్ రిటర్న్‌లో చూపించి రాబట్టుకోవచ్చు, ఆ డబ్బు పోదు. జీఎస్టీ నంబర్ ఉన్న అసలు బిల్లు తీసుకోండి. 'ఎస్టిమేట్' అని రాసిన తెల్లకాగితం ఎక్కడా పనికిరాదు.

పిల్లలు ఫ్రీ అంటే క్యాబిన్ చార్జీ ఒక్కటే ఫ్రీ. పోర్టు చార్జీలు, పన్నులు, ఓడ సిబ్బందికి టిప్పుగా రోజుకి తలకి ఇంత అని వేసే గ్రాట్యుటీ, వీసా, ఇన్సూరెన్స్, విమానం అన్నీ పిల్లలకీ పడతాయి. పైగా ఆ పిల్లల పడకలు అదే క్యాబిన్‌లో గోడకి మడిచి ఉండే బెర్తులు. నలుగురూ ఒకే గదిలో పడుకుంటే వచ్చే ఇబ్బంది కింద చెప్తాను.

రద్దయినప్పుడు ఇచ్చే వోచర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతిన్నారు. కంపెనీలు దీన్ని ఫ్యూచర్ క్రూజ్ క్రెడిట్ అంటాయి. ఉదాహరణకి మీరు 2,40,000 కట్టారనుకోండి. అందులో క్యాబిన్ చార్జీ 1,20,000, పోర్టు చార్జీలూ పన్నులూ 30,000, విమానం 60,000, వీసా, ఇన్సూరెన్స్, ఏజెంటు కమిషన్ కలిపి 30,000. వోచర్ వచ్చేది మొదటి 1,20,000కే. పోర్టు చార్జీలు ఓడ కదలకపోతే నగదుగా వెనక్కి రావాలి, కానీ అవి ఏజెంటు వాలెట్‌కి చేరతాయి, అడగకపోతే అక్కడే ఉంటాయి. విమానానిది దాని సొంత నిబంధన. మిగిలిన 30,000 మీద ఆశ వదులుకోవాల్సిందే. వోచర్‌కి గడువు ఉంటుంది, వేరేవాళ్ల పేరుకి చాలావరకు మారదు, తర్వాతి ఏడాది పెరిగిన రేటుకే వాడుకోవాలి. అన్నిటికీ మించి, కంపెనీ బతికున్నంత కాలమే దానికి విలువ. 2022 జనవరిలో జెంటింగ్ హాంకాంగ్ అనే క్రూజ్ సంస్థ తనను మూసేయాలంటూ తానే కోర్టుకి వెళ్లింది, సింగపూర్ నుంచి తిరిగే దాని డ్రీమ్ క్రూజెస్ ఓడ మార్చిలో ఆగిపోయింది. మన దేశంలో నడిచిన జలేష్ క్రూజెస్ 2020లోనే మూతపడింది. మూతపడిన కంపెనీ వోచర్ చేతిలో ఉన్నవాళ్లు బాకీలవాళ్ల వరసలో చివర నిలబడాలి. కాబట్టి మెయిల్‌లో వచ్చిన 'యాక్సెప్ట్' బటన్ తొందరపడి నొక్కకండి. నొక్కితే లెక్క తేలిపోయినట్టే అని కంపెనీ వాదిస్తుంది. 'మాకు నగదు రీఫండ్ కావాలి, వోచర్‌కి ఒప్పుకోవడం లేదు' అని అదే మెయిల్‌కి జవాబు రాయండి.

ఇక పాజిటివ్ వస్తే ఏంటనేది. కుటుంబాలకి ఇదే అసలు గండం. కోవిడ్ కాలంలో ఎక్కే ముందు పరీక్షలో పిల్లాడికి పాజిటివ్ వస్తే అదే క్యాబిన్‌లో పేరున్న అందరినీ దగ్గరి కాంటాక్టుల కింద లెక్కేసి ఆపేసేవాళ్లు. పక్క క్యాబిన్‌లో బుక్ చేసిన అమ్మమ్మ, తాతయ్యల సంగతి కంపెనీని బట్టి మారేది. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఆగిపోయినవాళ్లకి డబ్బు వెనక్కి ఇస్తారా, వోచర్ ఇస్తారా, ఏమీ ఇవ్వరా? ప్రయాణం మధ్యలో వస్తే ఐసోలేషన్ గది, దిగాక హోటల్ ఖర్చు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు కంపెనీ నిబంధనల పేజీ లింకుతో సహా రాతలో తీసుకోండి. ఏజెంటు నోటిమాట కోర్టులో నిలబడదు.

నిబంధనలు మధ్యలో మారతాయని కూడా గుర్తుంచుకోండి. 2021లో చాలా ఓడలు 12 ఏళ్లు దాటినవాళ్లకి టీకా తప్పనిసరి చేశాయి. మన దగ్గర 15 నుంచి 18 ఏళ్లవాళ్లకి టీకా మొదలైంది 2022 జనవరి 3న, 12 నుంచి 14 వాళ్లకి మార్చి 16న. అంటే హైస్కూల్ పిల్లలున్న ఇల్లు ఎంత కోరుకున్నా అలాంటి ఓడ ఎక్కలేని పరిస్థితి. కోవాక్సిన్ వేయించుకున్న పెద్దలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబర్ 3న గుర్తింపు ఇచ్చేదాకా చాలా దేశాల్లో ఆగాల్సి వచ్చింది. ప్యాకేజీ అమ్మిన రోజు ఉన్న నిబంధన బయల్దేరే రోజుకి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్నాక కొత్త నిబంధన వచ్చి మన పిల్లలు అనర్హులైతే రద్దు చార్జీ ఎవరు భరించాలో ముందే అడగాలి.

పరీక్ష రిపోర్టులు, టీకా సర్టిఫికెట్లలో మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ల్యాబ్‌వాళ్లు ఆధార్‌లో ఉన్నట్టే పేరు టైప్ చేస్తారు, టెర్మినల్ కౌంటర్ దగ్గర పేరు కలవలేదని పక్కన నిలబెడతారు. శాంపిల్ ఇచ్చేటప్పుడే పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చి, రిపోర్టులో పాస్‌పోర్టు నంబర్, క్యూఆర్ కోడ్ ఉండేలా చూసుకోండి. 72 గంటల నిబంధన ఉంటే అది శాంపిల్ తీసిన సమయం నుంచా, రిపోర్టు వచ్చిన సమయం నుంచా అని చదవండి. చాలాచోట్ల శాంపిల్ సమయమే లెక్క. ఒంగోలులో శాంపిల్ ఇచ్చి, చెన్నై చేరి, విమానం దిగి ఓడ ఎక్కేసరికి ఆ గంటలు ఇట్టే కరిగిపోతాయి.

ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉండకండి. పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీకి వెళ్లి ఎపిడెమిక్, పాండెమిక్ అన్న మాటలు వెతకండి. ట్రిప్ క్యాన్సిలేషన్ కవర్ అందులో రాసిన కారణాలకే పనిచేస్తుంది, కేసులు పెరిగాయని భయపడి మీరే మానుకుంటే రాదు. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లవి దాచకుండా రాయించండి. ఓడలోని డాక్టర్ బిల్లు విదేశీ ఓడల్లో డాలర్లలో మీ గది ఖాతాకి ఎక్కుతుంది. ముందు మీరు కట్టాలి, తర్వాత బిల్లులు పెట్టి క్లెయిమ్ చేసుకోవాలి. ఆరోగ్యశ్రీ కార్డు అక్కడ చెల్లదు. ఓడ నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చుకి కవర్ ఎంత ఉందో విడిగా చూడండి, బేరమాడి తగ్గించుకోకూడని అంకె అదొక్కటే.

క్యాబిన్ ఎంపికలో కక్కుర్తి పడకండి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకహామాలో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉన్నారు, 712 మందికి కోవిడ్ తేలింది. కిటికీ లేని లోపలి గదుల్లో ఉన్నవాళ్లని విడతలవారీగా కాసేపు డెక్ మీదకి వదిలేవాళ్లు, మిగతా సమయమంతా ఆ గదే. చిన్నపిల్లలున్నవాళ్లు బాల్కనీ గది తీసుకోలేకపోతే ప్రయాణం వాయిదా వేసుకోవడం మేలు. మందులు ప్రయాణం రోజులకి ఇంకో 14 రోజులు కలిపి, ప్రిస్క్రిప్షన్‌తో, చేతి సంచిలో పెట్టుకోండి. పెద్ద సూట్‌కేస్ గదికి చేరడానికి గంటలు పడుతుంది.

చెన్నై, వైజాగ్ ఓడలు దగ్గరే కదా, విమానం లేదు కదా అని కొంచెం ధైర్యం ఉంటుంది. నిజమే, ఖర్చులో విమానం ముక్క పోతుంది. కానీ 2022 జనవరిలో ముంబై నుంచి గోవా వెళ్లిన ఓడలో సుమారు 2,000 మందిని పరీక్షిస్తే 66 మందికి పాజిటివ్ వచ్చి ఓడ తిరిగి ముంబైకే పోయింది. అదే ఏడాది జూన్‌లో చెన్నై నుంచి బయల్దేరిన ఓడకి పుదుచ్చేరిలో ఆగే అనుమతి దొరకలేదు, అక్కడ కారణం వైరస్ కూడా కాదు. అనుకున్న రేవులో ఆగకుండా వెళ్లిపోతే పరిహారం ఇవ్వక్కర్లేదని దాదాపు ప్రతి కంపెనీ టికెట్ ఒప్పందంలో ఉంటుంది. ఆ రేవు చార్జీ మాత్రం అడిగి తీసుకోండి. విదేశీ ట్రావెల్ పాలసీ ఈ దేశీయ ప్రయాణాలకి పనికిరాదు, దేశీయ పాలసీ వేరే తీసుకోవాలి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు చేయాల్సింది: కార్డు మీద కట్టి ఉంటే వెంటనే బ్యాంకుకి రాసి చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) అడగండి, దానికి గడువు తక్కువ. నగదు అయితే ఆ వెసులుబాటు లేదు. ఏజెంటుకీ, ఓడ కంపెనీకీ ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టండి. బుకింగ్ నంబర్, కట్టిన తేదీలు, మొత్తం రాసి 15 రోజుల గడువు ఇవ్వండి. ఒకరి మీద ఒకరు నెట్టుకునే ఆట అక్కడ ఆగుతుంది. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు. అప్పటికీ కదలకపోతే నెల్లూరులోనో ఒంగోలులోనో జిల్లా వినియోగదారుల కమిషన్. టికెట్ వెనక 'ముంబై కోర్టుల పరిధి' అని రాసి ఉన్నా వెనక్కి తగ్గొద్దు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసే హక్కు ఇచ్చింది. కట్టిన మొత్తం 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. గడువు వివాదం మొదలైన రోజు నుంచి 2 ఏళ్లు. ఏజెంటు 'వచ్చే నెల, వచ్చే నెల' అంటూ సాగదీసేది ఈ గడువు దాటించడానికే కావచ్చు, అందుకని అతను రీఫండ్ ఇవ్వనన్న మెసేజ్ తేదీని, వాట్సాప్ చాట్ మొత్తాన్ని ఈరోజే ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి.