నెట్ లేని ఎక్స్‌పీతో నాలుగేళ్లు

కథలు రాసుకోవడానికి, ఇంటి లెక్కలు చూసుకోవడానికి నాలుగేళ్లుగా మైక్రోసాఫ్ట్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌నే వాడుతున్నాను. ప్రాసెసర్ పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది, అందుకే ఒక్కసారి కూడా నెట్ కలపలేదు. ఫోన్ పక్కగదిలో పెట్టి దీని ముందు కూర్చుంటే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది, మూడు పేజీలు తెమిలిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్ మీద అలా ఏనాడూ కుదరలేదు.

తెలుగు దానంతట అది రాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ ఆప్షన్స్ తెరిచి తెలుగులాంటి లిపులు చూపించే కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు ఎక్కించాలి. ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది, దగ్గర ఉంచుకోండి. రీస్టార్ట్ చేశాక గౌతమి ఫాంట్‌లో అక్షరాలు చక్కగా కనిపిస్తాయి, భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక కూడా పెట్టుకోవచ్చు. ‘స్త్రీ’ అని కొట్టాలంటే ఎం, డి, ఎల్, డి, జె, చివర షిఫ్ట్ పట్టి ఆర్. డి అంటే పొల్లు. మొదటి పదిహేను రోజులు వేళ్లు తడబడ్డాయి. ఇప్పుడు ఒత్తులు వాటంతటవే పడుతున్నాయి, కీబోర్డు వైపు చూసే పనే లేదు.

నోట్‌ప్యాడ్‌తో మాత్రం చాలా జాగ్రత్త. సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) దగ్గర ఆన్సీ అని ఉంటుంది, అందులో తెలుగు నిలవదు, దాన్ని తెలుగు నిలిచే యూటీఎఫ్-8కి మార్చాలి. మార్చకపోతే హెచ్చరిక వస్తుంది. నేను చదవకుండా ఓకే కొట్టి మూసేశాను. మర్నాడు తెరిస్తే కథంతా ప్రశ్నార్థకాలే! పదకొండు పేజీలు. ఆ బాధ ఇంకా పోలేదు.

రూపాయి గుర్తు ఎక్స్‌పీ తర్వాత, 2010లో వచ్చింది కాబట్టి ఇందులో డబ్బాలా కనిపిస్తుంది. లెక్కల్లో ‘రూ.’ అనే రాస్తున్నాను. ఈమధ్య వచ్చే పెద్ద పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి, వాటిని నా ఎక్స్‌పీ చదవలేదు. పాత పద్ధతి ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన 8 జీబీది ఒకటి దీనికోసమే ఉంచాను. జిరాక్స్ షాపులో దాన్ని పెట్టనివ్వను, వైరస్ ఎక్కితే దీనికి దిక్కు లేదు. ప్రింట్ కావాలంటే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి అక్కణ్నుంచి పంపిస్తాను.

యూపీఎస్ తప్పనిసరి. ఫ్యాన్ చప్పుడు వేసవిలో బాగా వినిపిస్తుంది. తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. నేను ఆలస్యం చేస్తే నెల రోజుల ఫైళ్లన్నీ పాత తేదీలతో కలిసిపోయాయి. ఏది ముందు రాసిందో తెలియక, అప్పట్నుంచి ప్రతి ఫైలు పేరులోనే తేదీ వేస్తున్నాను.