డీబీఎక్స్ 266ఎక్స్‌ఎస్ కంప్రెసర్: పెట్టె మంచిదే, తిప్పలన్నీ కేబుల్ దగ్గరే

ఒక రాక్ యూనిట్ (సౌండ్ సామాను బిగించే చట్రంలో ఒక అర) ఎత్తు, రెండు ఛానెళ్లు, ఒక్కోదానికి గట్టిగా వచ్చిన గొంతుని నొక్కి తగ్గించే కంప్రెసర్‌తో పాటు, సౌండ్ చిన్నదైతే మైకుని మూసేసే గేటు. పాత అనలాగ్ మిక్సర్ మీద నడిచే చర్చికైనా, ప్రవచన వేదికకైనా, ఫంక్షన్ హాలుకైనా ఇది ఇప్పటికీ సరిపోతుంది. మిక్సర్ డిజిటల్‌దైతే మాత్రం కొనక్కర్లేదు. బెరింజర్ ఎక్స్32, ఎక్స్‌ఆర్18 లాంటివాటిలో ప్రతి మైకు ఛానెల్‌కీ కంప్రెసర్ లోపలే ఉంటుంది. యమహా ఎంజీ మిక్సర్లలో కొన్ని ఛానెళ్లకి ఒక్క నాబ్ కంప్రెసర్ ఉంటుంది. ఆ ఛానెల్‌కి ఈ పెట్టె తగిలిస్తే ఆ నాబ్‌ని సున్నాకి తిప్పేయండి. రెండూ కలిసి నొక్కితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

"కలిపితే సౌండే పోయింది", "పెట్టినా తేడా తెలియట్లేదు" అన్నప్పుడు ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. మైకు ఛానెల్ దగ్గర ఇన్సర్ట్ (సిగ్నల్‌ని బయటి పెట్టెకి పంపి మళ్లీ లోపలికి తెచ్చుకునే దారి) అని రాసిన జాక్ ఉందో లేదో చూసుకోండి, చిన్న మిక్సర్లలో చాలావాటికి ఉండదు. ఉంటే కావలసింది ఇన్సర్ట్ కేబుల్: ఒక చివర పావు అంగుళం స్టీరియో పిన్ను, రెండో చివర రెండు మోనో పిన్నులు. హోసా కంపెనీలో ఎస్‌టీపీ-201 ఒక మీటరు, ఎస్‌టీపీ-202 రెండు మీటర్లు. మీరే టంకం పెట్టుకుంటే స్టీరియో పిన్ను మొన (టిప్) సెండ్, అంటే బయటికి; నడిమి రింగ్ రిటర్న్, అంటే తిరిగి లోపలికి; మొదలు (స్లీవ్) గ్రౌండ్. యమహా, మ్యాకీ, సౌండ్‌క్రాఫ్ట్ వరస ఇదే, కొన్ని పాత బోర్డుల్లో మాత్రం టిప్, రింగ్ తారుమారుగా ఉంటాయి. మూడు చివరలూ మోనోగా ఉండే వై కేబుల్ పెట్టారో, దాని స్లీవ్ వెళ్లి రిటర్న్‌ని గ్రౌండ్‌కి కలిపేస్తుంది, ఛానెల్ మూగబోతుంది.

ఫేడర్ దించి, సెండ్ పిన్నుని కంప్రెసర్ ఇన్‌పుట్‌కీ, రిటర్న్ పిన్నుని అవుట్‌పుట్‌కీ పెట్టండి. సౌండ్ రాకపోతే ఆ రెండు పిన్నులూ అటూ ఇటూ మార్చి చూడండి, పాడయ్యేదేమీ లేదు. స్టీరియో పిన్ను సగమే దిగినా తిప్పలే: కొన్ని మిక్సర్లలో మొదటి క్లిక్ దగ్గర ఆగితే సిగ్నల్ బయటికి పోతుంది గానీ, తిరిగొచ్చింది లోపలికి చేరదు. కంప్రెసర్ మీటర్లు ఆడుతుంటాయి, స్పీకర్లో ఏ మార్పూ ఉండదు. ఇంకో ఉచ్చు పెట్టె వెనకే ఉంది, సైడ్‌చెయిన్ ఇన్సర్ట్ జాక్. పేరులో ఇన్సర్ట్ ఉంది కదా అని కేబుల్ అందులో గుచ్చకండి, అది మీ సిగ్నల్ వెళ్లే దారి కాదు.

ఆక్స్ సెండ్ (ఛానెల్ సిగ్నల్‌కి ఒక నకలు బయటికి పంపే దారి) నుంచి కలపడం ఇంకో పొరపాటు. రీవెర్బ్‌కి ఆ దారి సరే. కంప్రెసర్‌ని అలా పెడితే నొక్కని గొంతు కూడా పక్కనే మెయిన్‌కి పోతూనే ఉంటుంది, అరుపు అరుపులాగే వినిపిస్తుంది.

సెట్టింగు సంగతి. మొదట మిక్సర్ గెయిన్ సరిచేసుకున్నాకే కంప్రెసర్ ముట్టుకోండి, తర్వాత గెయిన్ కదిలిస్తే థ్రెషోల్డ్ (గొంతు ఎంత దాటితే నొక్కాలో చెప్పే గీత) లెక్క మొత్తం మారిపోతుంది. రేషియో 3:1 పెట్టి, మాట్లాడేవాళ్లు గట్టిగా అన్నప్పుడు గెయిన్ రిడక్షన్ లైట్లు 4 నుంచి 6 డీబీ చూపించేదాకా థ్రెషోల్డ్ దించండి. 3:1 అంటే థ్రెషోల్డ్‌ని 12 డీబీ దాటిన గొంతు 4 డీబీ మాత్రమే దాటి బయటికొస్తుంది. మాటకీ పాటకీ ఓవర్‌ఈజీ (నొక్కడం మెల్లగా మొదలయ్యేలా చేసేది), ఆటో (వేగం తనే చూసుకునేది) రెండు బటన్లూ నొక్కి ఉంచితే చాలు. ఆటో వేశాక అటాక్ (ఎంత వేగంగా నొక్కాలో), రిలీజ్ (ఎంత వేగంగా వదలాలో) నాబ్‌లు పనిచేయవు, పాడయ్యాయనుకోకండి. ఆ నాబ్‌ల మీద మిల్లీసెకన్లు లేకుండా ఫాస్ట్, స్లో అని మాత్రమే రాయడం ఈ పెట్టెలో నచ్చనిది.

నొక్కాక తగ్గిన సౌండ్‌ని పెంచే అవుట్‌పుట్ గెయిన్‌తోనే ఎక్కువమంది దెబ్బతింటారు. 6 డీబీ పెంచారంటే మాట ఆగిన క్షణంలో ఆ మైకు 6 డీబీ ఎక్కువ తెరుచుకుని ఉన్నట్టే, కూత (ఫీడ్‌బ్యాక్) అక్కడే మొదలవుతుంది. చాలా మిక్సర్లలో ఛానెల్ ఇన్సర్ట్ ఆక్స్ కంటే ముందే ఉంటుంది కాబట్టి ఆ పెంపు స్టేజి మానిటర్లకీ చేరుతుంది. మిక్సర్‌లో గ్రూపులకి ఇన్సర్ట్ ఉంటే గొంతులన్నీ ఒక గ్రూపులో వేసి అక్కడ కంప్రెసర్ పెట్టండి. మానిటర్లు ముట్టుకోకుండా మెయిన్ స్పీకర్లకే పని జరుగుతుంది. అయితే అక్కడ ఒకరు అరిస్తే అందరి గొంతూ తగ్గుతుంది, అందుకని ముఖ్యమైన మైకుకి ఛానెల్ ఇన్సర్టే మేలు.

రెండు ఛానెళ్లకి ఇద్దరి మైకులు పెడితే స్టీరియో కపుల్ బటన్ నొక్కకండి, ఒకరి అరుపుకి రెండోవారి గొంతు కూడా పడిపోతుంది. గేటు ప్రవచనాలకి ఆపేయడమే మంచిది, మెల్లగా పలికే వాక్యం చివరి అక్షరాలు మింగేస్తుంది. డ్రమ్స్ మైకులకైతే గేటు బాగుంటుంది.

హమ్ వస్తే ఎర్త్ పిన్ను పీకే పని పెట్టుకోవద్దు. మిక్సర్‌నీ కంప్రెసర్‌నీ ఒకే పవర్ బోర్డుకి పెట్టి, ఇన్సర్ట్ కేబుల్‌ని పవర్ వైర్లకి దూరంగా లాగండి. బయటి దేశం నుంచి తెప్పించిన పీసైతే వెనక వోల్టేజి ఎంత రాసుందో చదివాకే 230 వోల్టులకి పెట్టండి.

స్పీకర్లని ఒక్కసారిగా వచ్చే దెబ్బ నుంచి కాపాడాలన్నదే మీ అవసరమైతే ఇది కాదు, 166ఎక్స్‌ఎస్ తీసుకోండి. సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపే పీక్‌స్టాప్ లిమిటర్ దాంట్లో ఉంది.